పట్టుపురుగులకు ఆ రోజు ఆకు తెచ్చింది నేనే

మా హైస్కూలు వార్షికోత్సవ సంచికలో, బడిలో పెంచిన పట్టుపురుగులు రోగం వచ్చి చచ్చిపోయాయని రాశారు. రోగం కాదు. ఆ మాట చెప్పాల్సినవాణ్ణి నేనే.

డెబ్బైల చివర. నేను తొమ్మిదో తరగతి. మదనపల్లె నుంచి పుంగనూరు పోయే దారిలో మాది చిన్న ఊరు. జాతరలో జరిగిన కొట్లాట తర్వాత ఊరికీ దళితవాడకీ ఏడాదిగా మాటల్లేవు. వాడ పిల్లలు బడి మానేశారు. హెడ్మాస్టరు రెండువైపులా ఇల్లిల్లూ తిరిగి వాళ్ళను మళ్ళీ రప్పించి, వెనక గదిలో పట్టుపురుగులు పెట్టించాడు. తట్టకు ఊరి పిల్లవాడొకడు, వాడ పిల్లవాడొకడు. గూడు కట్టేదాకా ఇద్దరూ కలిసే మేత వెయ్యాలి. పంట చేతికొచ్చిన రోజు పెద్దలందర్నీ అదే గదిలో కూర్చోబెడతానని ఆయన పంతం.

ఊరిపెద్ద మా నాన్నే. "పురుగు మడి కోరతాది సార్. సూద్దాం," అని ఊరుకున్నాడు.

నా జతగాడు తట్ట ముట్టే ముందు మోచేతులదాకా సబ్బుతో కడుక్కునేవాడు. నేను కడుక్కోకపోతే, "రేయ్, పురుగుకు కులం తెలీదు గానీ మురికి తెలుస్తాది," అని ఎగతాళి చేసేవాడు.

పురుగులు చిటికెనవేలంత లావై ఆకలి మీదున్న రోజులు. ఆ ఉదయం అన్ని తట్టలకూ మేత వంతు మా జతది; ఆకు కోసేది నేను, వేసేది వాడు. ఆలస్యంగా లేచాను. బడి తోటదాకా పోకుండా, మా టమేటా చేను గట్టునున్న మల్బరీ ఆకు గంపకెత్తాను. ముందురోజే టమేటాకు మందు కొట్టారు. అది నాకు తెలుసు. గట్టుదాకా వచ్చి ఉండదులే అనుకున్నాను.

మధ్యాహ్నానికి అన్ని తట్టల్లోనూ పురుగులు తలలు ఆడిస్తూ పచ్చటి నీళ్ళు కక్కుతున్నాయి. కబురు విని ఊరివాళ్ళు వచ్చారు. హెడ్మాస్టరు ఒక పురుగును అరచేతిలో పెట్టుకుని చూశాడు.

"మందు తగిలినట్టుంది. ఆకు ఎక్కడిదిరా?"

మా నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"బడి తోటదే సార్," అన్నాను.

"మేత ఏసిందెవురు?" అన్నాడు మా నాన్న.

"నేనే సామీ," అన్నాడు నా జతగాడు. వాడు నావైపు చూశాడు. నేను తట్టలోకి చూశాను.

"ఇంకేముండాది సార్. ముట్టగూడనోళ్ళు ముడితే పురుగైనా కక్కుతాది," అన్నాడు మా నాన్న. వెనక ఎవరో నవ్వారు.

హెడ్మాస్టరు నా భుజం పట్టుకుని మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే చెప్పాను. మరుసటి రోజు వాడ నుంచి ఒక్క పిల్లా రాలేదు.

ఎనభైల మధ్యలో, నేను కుప్పంలో ఉద్యోగం చేస్తుండగా, ఆ జతగాడు రైల్వే స్టేషన్లో కనబడ్డాడు. శాంతిపురం దగ్గర రాళ్ళ పని చేస్తున్నాడు.

"ఆ పొద్దు నువ్వు టమేటా చేని నుంచి వచ్చేది సూసినా," అన్నాడు.

"యాల చెప్పలే?"

"మీ నాయన ముందర నా మాట నిలిచేదా?" చేతిలోని సంచీ కింద పెట్టాడు. "మా అక్క కొడుకు ఆరో తరగతికి రావాల. బడి దగ్గర్లోనే ఉండాది, మావోళ్ళు పంపేదిలేదంటాండారు. నువ్వు మీ నాయనకు నిజం చెప్పప్పా. మావోళ్ళను ఒప్పించేది నేను సూసుకుంటా."

చెబుతానన్నాను. ఆ వారమే ఊరికి పోయాను. మా నాన్న అన్నం తింటున్నాడు. మజ్జిగ దాకా ఆగుదామనుకున్నాను. తర్వాత, వక్కాకు వేసుకునేదాకా. మరుసటి ఉదయం బస్సెక్కి కుప్పం వచ్చేశాను.

ఆ పిల్లవాణ్ణి పుంగనూరు హాస్టల్లో వేశారని తర్వాత విన్నాను. మా నాన్న ఇంకా చాలా ఏళ్ళు బతికాడు.