రెండు తాళ్ల పతంగి కింద మా మేనత్త

నా చిన్నప్పుడు మా మేనత్త నిలబడిన బండ ఇప్పుడు లేదు. దాన్ని పేల్చి ఆ చోట అద్దాల మేడ కట్టారు. మా ఫ్లాటు గోడకున్న పాత పతంగులను చూసి, మూల చినిగి కుట్లు పడిన నీలం పతంగికి అంత మర్యాద ఎందుకని పిల్లలు అడుగుతుంటారు. బండా పోయింది, మేనత్తా పోయింది. ఇక చెప్పగలిగినదాన్ని నేనే కనుక రాసి పెడుతున్నాను.

అప్పటికి పుప్పాలగూడ పల్లె. మేనత్త మా ఇంట్లోనే ఉండి బట్టలు కుట్టేది. ఒకసారి పట్నంలో పాత సామాన్ల అంగడి నుంచి గుడ్డతో చేసిన పెద్ద పతంగి తెచ్చింది. దానికి ఎడ్ల పగ్గాల్లా రెండు తాళ్లు. ఏ తాడు లాగితే ఆ వైపు తిరిగి, ఆకాశంలో పల్టీలు కొట్టేది. యుద్ధకాలంలో సైనికులకు తుపాకీ గురి నేర్పడానికి ఇలాంటివి ఎగరేసేవారని చాలా ఏళ్లకు గ్రంథాలయంలో చదివాను. ఏడో తరగతితో బడి మానేసిన నాకు ఆ పుట దొరికిన రోజు పండుగే.

మా అమ్మకు మాత్రం అది మంచి గుడ్డ, అంతే. "ఈపాలి పుల్ల ఇరిగితే ఇగ నాకే ఇయ్యాలె వదినా. సంచులు కుట్టుకుంట," అంది. మేనత్త సరేనంది.

ఆ సాయంత్రం బండ మీద మేనత్త తాళ్లు నా చేతికిచ్చింది. కాగితం పతంగి సోలితే గుంజాలి, లేస్తుంది. నాకు తెలిసిన విద్య అదే. దీన్ని గుంజితే, ముక్కు ఎటుంటే అటే ఇంకా వేగంగా దూసుకుపోయింది. మూల బండకు తగిలి చినిగింది. పుల్ల టక్కుమంది కానీ విరగలేదు. అమ్మ అప్పటికే కత్తెర పట్టుకుని పక్కన నిలబడి ఉంది.

"గుంజకే పిల్లా! దాని దిక్కు ఉరుకు. తాళ్లు వదులైతే అదే కూసుంటది," అంది మేనత్త.

"పడేదాని మీదికి ఎవరన్న ఉరుకుతరా అత్తా?"

ఆమె పతంగిని ఒళ్లోకి తీసుకుంది. రవికకు గుచ్చుకున్న సూది తీసి చినుగును నాలుగు కుట్లతో మూసింది. తాళ్లు మళ్లీ నా చేతికిచ్చి, పతంగిని గాలికి వదిలి, అది లేచాక సరిగ్గా దాని కిందికి పోయి నిలబడింది. "ఇగ దింపు," అంది.

"పిచ్చి లేసిందా వదినా? పుల్ల కంట్ల గుచ్చుకుంటది, జరుగు!"

"నా కోడలు దింపుతది, నువ్వు ఊకో."

గాలి తిరిగింది. పతంగి ముక్కు కిందికి వంచి నేరుగా ఆమె తల మీదికే దూసుకొచ్చింది. తాళ్లు నా వేళ్లను కోస్తున్నాయి. పిడికిళ్లు అప్పుడే గుంజడం మొదలుపెట్టాయి. ఆమె కదల్లేదు, చెయ్యి కూడా అడ్డం పెట్టుకోలేదు. నాకు పతంగి సంగతే గుర్తు లేదు. "అత్తా!" అని అరుస్తూ ఆమె వైపు పరుగెత్తాను.

తాళ్లు వదులయ్యాయి. పతంగి ఆమె తలపైన ఒక్క క్షణం ఆగి, అలసినట్టు వచ్చి ఆమె కాళ్ల పక్కన కూర్చుంది.

"చెప్తే ఉరకలే. నేన్ నిలవడితే ఉరికినవ్," అని నవ్వింది. దగ్గరికి పోయాక చూశాను, ఆమె మోకాళ్లు వణుకుతున్నాయి. అమ్మ కత్తెరను కొంగులో చుట్టుకుంది.

ఇప్పటికీ ఏదైనా చేజారుతుంటే నా చేతులు ముందు గుంజడానికే చూస్తాయి. మొన్న నా కూతురు కోపంతో ఫోన్ పెట్టేసింది. మళ్లీ మళ్లీ చేయబోయాను. అంతలో బండ గుర్తొచ్చి, చెప్పులేసుకుని నల్లగండ్లలో దాని ఇంటికి బయల్దేరాను.

ఆ పుస్తకం వెతికిచ్చిన గ్రంథాలయం అక్కకు, కత్తెర దాచేసిన మా అమ్మకు రుణపడి ఉన్నాను. మోకాళ్లు వణుకుతున్నా కదలని మా మేనత్తకు దండం.