ఆమె మాటలకు నా తెలుగు

ఆమె మా ఇంటికి వచ్చేనాటికి నాకు ఇరవై తొమ్మిదేళ్లు. మా ఇల్లు సిద్దిపేటలో. అక్కడికి ఆటోలో అరగంట దూరంలో ఒక పల్లెలో, ప్రాథమిక బడిలో విద్యా వలంటీరుగా నాలుగో ఏడు పనిచేస్తున్నాను. అంటే పర్మినెంటు కాని టీచర్ని. ప్రతి జూన్‌లో మళ్లీ రమ్మంటారో లేదో అని ఫోను వైపు చూస్తూ కూర్చోవాలి. ఆమె కూడా వలంటీరే. ఎక్కడో చలిదేశం నుంచి ఒక సంస్థ ద్వారా మా బళ్లో ఆరు నెలలు ఇంగ్లీషు చెప్పడానికి వచ్చింది. ఇద్దరికీ వలంటీరన్న పేరు ఒకటే గానీ, ఆమెను చూడటానికి పక్క ఊళ్ల నుంచి కూడా మనుషులొచ్చారు.

మా మేడ మీది గది ఆమెకిచ్చాం. పొద్దున్నే లేచి తన బట్టలు తనే ఉతుక్కునేది. కోతులొస్తే బకెట్టు వదిలేసి లోపలికి పరుగు. మొదటి వారం కడుపు పాడైతే దవాఖానకు నేనే తీసుకుపోయాను. ఆ తర్వాత అమ్మ ఆమెకోసం కారం లేకుండా పెసరపప్పు వేరే వండేది. ఒకరోజు ఆమె మెట్లు దిగుతూ "అవ్వా, ఎట్లున్నవ్?" అంది. అమ్మ మురిసిపోయింది.

"గింత దూరమొచ్చి మన మాట నేర్చుకున్నది సూడు. నువ్వెన్నడన్న నన్ను ఎట్లున్నవని అడిగినవా?"

నవ్వుతూనే అంది. నేను మాత్రం నవ్వలేకపోయాను.

ఇద్దరం కలిసి ఆటోలో బడికి వెళ్లేవాళ్లం. "జర జరుగున్రి, మేడంకు జాగ ఇయ్యిన్రి" అని డ్రైవరు అందర్నీ సర్దేవాడు. నాలుగేళ్లుగా అదే ఆటోలో ఒక అంచు మీద కూర్చుని పోతున్నదాన్ని, ఆ 'మేడం' నేను కాదని నాకు తెలుసు. క్లాసులో ఆమె ఒక మాట ఇంగ్లీషులో చెప్పేది, నేను తెలుగులో చెప్పేదాన్ని. నేను మాట్లాడుతున్నప్పుడు కూడా పిల్లలు ఆమె ముఖమే చూసేవాళ్లు.

మూడో తరగతిలో ఒక పిల్ల ఉండేది. తండ్రి తాటిచెట్టు మీది నుంచి పడి మంచాన ఉన్నాడు, తల్లి కూలికి పోయేది. ఆ పిల్ల బళ్లో నోరు విప్పేది కాదు. ఆమె రాకముందు ఏడాదిన్నర పాటు, మధ్యాహ్నం అన్నాలయ్యాక, వంటగది వెనక నీడలో కూర్చోబెట్టుకుని చదివించాను. మొదట పెదవులు కదిలాయి. చాలా నెలలకు గొంతు వచ్చింది, అదీ నా ఒక్కదాని ముందే. కొత్త మనిషి కనబడితే మళ్లీ మూగబోయేది. మొదటి రోజు ఆమె "ఈ పిల్ల మాట్లాడదా?" అని అడిగితే "సిగ్గు" అని ఊరుకున్నాను. ఇంకొంచెం చెప్పి ఉండాల్సింది.

ఆమె దగ్గర చేతికి తొడుక్కునే ఒక కుందేలు బొమ్మ ఉండేది. ఆ పిల్ల ఆ కుందేలుతో మాట్లాడింది. అది ఒప్పుకోవాలి. ఆరు నెలలు గడిచేసరికి అందరి ముందు లేచి నిలబడి ఒక పేజీ చదివింది. ఆ రోజే ఆమెకు వీడ్కోలు సభ. తల్లిదండ్రులంతా వచ్చారు, శాలువా కప్పారు, చప్పట్లు కొట్టారు.

ఆమె కళ్లు తుడుచుకుని ఇంగ్లీషులో మాట్లాడింది. "నేను వచ్చినప్పుడు ఈ పాపకు గొంతు లేదు, ఈ పాప పక్కన ఎవరూ ఎప్పుడూ కూర్చోలేదు, నేను కూర్చున్నాను" అంది.

మైకు నా చేతిలో ఉంది.

"చెప్పమ్మా, మేడం ఏమన్నదో అందరికి చెప్పు" అన్నారు హెడ్మాస్టరు సారు.

చెప్పాను. ఒక్క ముక్క వదల్లేదు. మార్చి చెప్పినా అక్కడ అడిగేవాళ్లు లేరు.

ఆ పిల్ల తల్లి ముందుకొచ్చి ఆమె చేతులు రెండూ పట్టుకుంది. "నా బిడ్డకు నోరు తెప్పిచ్చినవ్ తల్లీ. మాసొంటోళ్ల పిల్లల్ని గీడ ఎవ్వలు పట్టిచ్చుకోలే."

ఆ మాటల్ని ఇంగ్లీషులోకి మార్చిందీ నేనే. ఆ పిల్ల నన్నే చూస్తోంది. నేను తల తిప్పుకున్నాను.

ఆటోలో తిరిగొస్తుంటే, ఎందుకలా ఉన్నావని ఆమె అడిగింది. తలనొప్పి అన్నాను. తన సంచి వెతికి నాకొక మాత్ర ఇచ్చింది. చెడ్డ మనిషి కాదు. చెడ్డదైతే నాకు సులువయ్యేది.

జూన్‌లో సారు ఫోన్ చేశారు. "ఏమనుకోకు బిడ్డా, రెగ్యులర్ టీచర్ వచ్చిండు. ఇగ నిన్ను తీసుకునుడు కాదు." పట్టణంలోనే ఒక ప్రైవేటు స్కూల్లో చేరాను.

వానాకాలంలో ఆమె నుంచి మెయిలు వచ్చింది. తన దేశంలో టీచరు కోర్సులో చేరుతోందట. ఆ పిల్ల విషయంలో తను చేసిన పని గురించి ఒక ఉత్తరం రాసివ్వమంది. నేనింకా బళ్లో ఉన్నానా అని అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆ వారమే కూరగాయల మార్కెట్లో మా బడి వంటామె కనబడింది. "గా పిల్ల మల్ల మాట్లాడుతలేదు మేడం. కొత్త సారు అడిగితె కిందికి సూస్తది. ఒక్కసారి నువ్వొచ్చి పోరాదు?"

వస్తానన్నాను. ఆటోలో అరగంట దూరం.

ఉత్తరం మాత్రం ఆ ఆదివారమే రాసి పంపాను. చాలా మంచి ఉత్తరం, ఆ పిల్లను ఎట్లా మాట్లాడించిందో ఒక్కో మెట్టూ వివరంగా రాశాను. అన్నీ నేను చేసిన పనులే. బడికి మాత్రం వెళ్లలేదు. తీరిక లేక కాదు. ఆ పిల్ల మళ్లీ మాట్లాడినా అది నా వల్లేనని ఎవరూ అనరని తెలిసి వెళ్లలేదు.