రంగు తిరగని పిల్లలు

మా అత్త పోయింది. పులికాట్ ఒడ్డున మా ఊరి వాళ్లకు ఆ సంగతి తెలుసు. ఆమె బాటిక్ చీరలు కట్టుకున్న మీకు తెలియదు కాబట్టి రాస్తున్నాను. మూడో రోజు, ఇంట్లో ఇంకా పొయ్యి కూడా వెలిగించకముందే, చెన్నైలో మా చీరలు అమ్మే షావుకారు ఫోన్ చేశాడు. అయ్యో పాపం అన్నాడు. ఆ వెంటనే, "ఇకమీదట పనంతా మీదే కదమ్మా. ఆ బూడిద పక్షులు తీసేసి అన్నిటికీ గులాబీరంగు వేయండి. ఎన్ని చేస్తే అన్నీ తీసుకుంటాను" అన్నాడు. ఆలోచించి చెబుతానన్నాను. ఆ మాట అన్నందుకు నాకే సిగ్గేసింది.

ఆ పక్షుల గొడవ పాతదే. చలికాలం మా సరస్సుకు ఫ్లెమింగోలు వస్తాయి. పెద్దవి గులాబీరంగువి. ఇంకా రంగు తిరగని పిల్లలు బురదలో పొర్లినట్టు బూడిదగా ఉంటాయి. మా అత్త ప్రతి చీరలోనూ నాలుగైదు పిల్లల్ని వేసేది. కొనేవాళ్లు మరకలనుకుంటున్నారని షావుకారు మొత్తుకునేవాడు. "మరక కాదబ్బా, పిల్ల. కళ్లుంటే వచ్చి చూసుకోమను" అనేది.

ఆమెకు బొమ్మలేయడం ఎవరూ నేర్పలేదు. మామ పడవలో కూర్చుని చూసి వచ్చేది. కరిగిన మైనంలో కుంచె ముంచి నేరుగా గుడ్డ మీద వేసేది. నేను పెన్సిల్ పట్టుకుంటే కసిరేది: "పక్షి నీకోసం నిలబడుకోని ఉంటాదా?" మా ఎండకు మైనం మెత్తబడి, బాటిక్‌కు అందమిచ్చే సన్నటి బీటలు పడేవి కావు. అందుకని మైనం పూసిన చీరను చేపల పెట్టెలో ఐసు మధ్య పెట్టేది. గట్టిపడ్డాక తీసి నలిపితే మైనం పగిలి, ఆ బీటల్లోకి రంగు దిగేది. ఒకసారి చీర నీచు వాసన వస్తోందని షావుకారు తిప్పి పంపాడు. "వాసన చూసేదానికా చీర, కట్టుకునేదానికా?" అని మళ్లీ అతనికే పంపింది. ఉంచుకున్నాడు.

కోడలిగా వచ్చిన రెండో ఏడు నేనొక తప్పు చేశాను. ఆమె చిట్టమూరులో పెళ్లికి వెళ్లినప్పుడు, షావుకారు పోరు పడలేక పిల్లలకు కూడా గులాబీరంగు పూసి చీర పూర్తి చేసేశాను. వచ్చి చూసింది. అరుస్తుందనుకున్నాను. మడత పెట్టి నా చేతిలో పెట్టింది.

"నువ్వే కట్టుకో. కట్టుకొని గట్టుకాడికి రా."

కట్టుకోక తప్పలేదు. గట్టు మీద చేపలు ఏరుతున్న ఆడవాళ్లు ఒక్క చూపులో పట్టేశారు. "ఇదేం పక్షుల మందమ్మే, ఒక్క పిల్లా లేదే!" అని పగలబడి నవ్వారు. అత్త నవ్వలేదు. "పిల్లల్లేని మంద ఎన్నేళ్లుంటాదే? అది తెలిసినోళ్లం మనం. తెలిసి అబద్ధం వేస్తే ఎట్టా?" అంది. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. ఇప్పుడు ఆమె కోపానికి దండం పెడుతున్నాను.

పెద్దకర్మ అయిన మర్నాడు ఆమె చివరి చీర తీశాను. పక్షులకు రంగులేసి మైనంతో కప్పింది. నీళ్ల నీలం ఒక్కటే మిగిలింది. చివరి నెలల్లో ఆమె చేయి వణికేది. చీర నిండా మైనం చుక్కలు రాలి ఉన్నాయి. అవి ఉన్నచోట నీలం అంటదు. గీకితే చాలావరకు పోతాయి. చాకు తీసుకున్నాను కూడా. మళ్లీ పక్కన పెట్టేశాను. నీలంలో ముంచి ఆరబెట్టి, మరిగే నీళ్లలో వేసి మైనం వదిలించాను.

షావుకారుకు ఫోన్ చేశాను. "పిల్లలుంటాయి. ఈ చీరలో చుక్కలు కూడా ఉంటాయి. ఇష్టమైతే తీసుకోండి, లేకపోతే లేదు." ఫోన్ పెట్టేశాడు. పెట్టుకోనీ.

చీర దండెం మీద ఆరేశాను. నీలం మీద తెల్లటి చుక్కలు, ఆమె చేయి వణికిన ప్రతిచోటా ఒకటి. దారిన పోతున్న పొరుగావిడ ఆగింది.

"ఇవేందమ్మే, వానా?"

"కాదక్కా, మా అత్త చెయ్యి."

ఆమె చేపల గంప దించి, అరచేయి కొంగుకు తుడుచుకుని, ఒక్కో చుక్కనూ మెల్లగా తడిమింది.