గోవిందు మామ సంతకం పెట్టిన కెంపు

ఈ ఉదయం స్పిరిట్‌తో కళ్లద్దాలు తుడుచుకుంటుంటే, ఆ వాసనకు డర్బన్ పక్కనున్న వెరులంలోని నగల దుకాణం వెనకగది గుర్తొచ్చింది. గోవిందు మామ రాళ్లను స్పిరిట్‌తోనే తుడిచేవారు. మాకు చుట్టరికం లేదు, ఇక్కడే పుట్టి పెరిగిన ఆ తెలుగాయనను అందరూ మామ అనేవారు. ముప్పై ఏళ్లు డర్బన్‌లో ఒక దొర దుకాణంలో రాళ్లు పరీక్షించింది ఆయన. రాయి ఎలాంటిదో రాసిచ్చే కాగితాల మీద సంతకం మాత్రం దొరది. మామ పేరున్న కాగితం నాకు తెలిసి ఒక్కటే, అది నా దగ్గరుంది. దాని కథ రాసి పెట్టకపోతే ఆయన చేసిన పనికి గుర్తే మిగలదు.

ఈ దేశంలో తెల్లవాళ్లతో పాటు అందరికీ ఓటు వచ్చిన రెండేళ్లకు మేము ఆంధ్ర నుంచి ఇక్కడికి వచ్చాం. మా ఆయన శేఖర్ లెక్కల మాస్టారు. నేను మామ అప్పుడే సొంతంగా తెరిచిన దుకాణంలో చేరాను. తన పేరు తాను రాసుకునే కాలం వచ్చేసరికి ఆయన కళ్లకు పొర కమ్ముతోంది. నా కళ్లు కావాలన్నారు. నేను కళ్లతో పాటు లైబ్రరీ పుస్తకాలు కూడా మోసుకెళ్లాను. బర్మాలో కెంపులు పాలరాతి కొండల్లో పుడతాయి, వాటిలో ఇనుము తక్కువ, అందుకే ఎండలో నిప్పుకణికల్లా వెలుగుతాయి. సయాం దేశపు కెంపుల్లో ఇనుము ఎక్కువ, కాస్త మసక. ఇలా అప్పజెబుతుంటే మామ నవ్వేవారు. "బుక్కు బాగా సదివినావమ్మీ. ఇప్పుడు రాయిని సదువు."

ఒకరోజు ఆయన కంటి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు చెరకుతోటల ఊరు ఉమ్‌హ్లాలి నుంచి అచ్చమ్మ అవ్వ వచ్చింది. కొంగుముడి విప్పి ఎర్రరాయి ఉంగరం బల్ల మీద పెట్టింది.

"మా ముత్తవ్వ ఇండియా నుంచి ఓడలో తెచ్చినాది. మనవరాలు ప్రియ డాక్టరు సదువుకి పోతాది, దానికి ఇస్తాను. ఇండియా నుంచి వచ్చిన అసలు రాయేనని కాయితం కావాల."

రాయిలోని రంగులను విడదీసి చూపే చిన్న గొట్టంలోంచి చూశాను. పక్కపక్కనే రెండు రంగులు, ఒకటి ఊదా ఎరుపు, ఒకటి నారింజ ఎరుపు. గాజైతే ఒకే రంగు కనిపించాలి. గుమ్మంలో ఎండకు పట్టాను, భగ్గుమంది. లోపల మచ్చ ఒక్కటీ లేదు.

"అసలైన బర్మా కెంపు అవ్వా. మీ ముత్తవ్వ కాలంలో బర్మా రాళ్లు ఇండియాకే వచ్చేవి" అన్నాను.

అవ్వ సంబరంగా కళ్లు తుడుచుకుంది. "హావు! పొయ్యి అందరికీ సెప్తాను" అని ఉంగరం నా దగ్గర వదిలి టాక్సీ ఎక్కింది.

మర్నాడు కాగితం టైపు చేసి మామ ముందు పెట్టాను. ఆయన పెన్ను తీసి ఆగారు.

"లోపల గీతలు సూసినావా?"

"మచ్చే లేదు మామా."

"అదే నా బయం. నేల కన్న బిడ్డకి పుట్టుమచ్చ అయినా ఉండదా?"

నీళ్ల గిన్నెలో ఉంగరం ముంచి మైక్రోస్కోపు కింద పెట్టారు. కళ్ల వెంట నీరు కారుతున్నా చాలాసేపు చూశారు. తర్వాత నన్ను చూడమన్నారు. గ్రామఫోన్ రికార్డు మీద ఉన్నట్టు వంపు గీతలు. నేలలో పెరిగిన కెంపుకు గీతలుంటే తిన్నగా ఉంటాయి. ఇది పొడిని మంటలో కరిగించి మిషన్‌లో చేసింది. పదార్థం కెంపే కాబట్టి రెండు రంగులూ చూపింది, ఎండలో వెలిగింది. నూరేళ్లకు పైగా కిందట, ముత్తవ్వ ఓడెక్కిన నాటికి అలాంటి మిషన్లే లేవు.

"మీరు చెప్పండి మామా" అన్నాను.

"నువ్వు సెప్పినావు, నువ్వే సెప్పాల. ముప్పై ఏళ్లు సెప్పినాను. అలిసిపోయినాను."

మిషన్‌లో చేసిన కెంపు అని కొత్త కాగితం టైపు చేశాను. ఆయన కాగితానికి ముఖం ఆనించినంత దగ్గరగా వంగి, నిదానంగా పేరంతా రాశారు.

శనివారం అవ్వ ప్రియను వెంటబెట్టుకొని వచ్చింది. రాయి నేలలో పుట్టింది కాదని, నేనన్న మాట తప్పని చెప్పాను. అవ్వ నన్ను చూడలేదు, మామ వైపు తిరిగింది.

"అయితే ముత్తవ్వ అబద్దం ఆడినాదా?"

"రాయి యాడ పుట్టిందో సెప్పినానక్కా. మడిసి మాట నా అద్దంలో కనపడదు."

"నీకేం, కాయితం గీకి కూకుంటావు. ఇంట్లో మొకం సూపించాల్సింది నాను."

ప్రియ ఉంగరం వేలికి పెట్టుకొని అవ్వ చెయ్యి పట్టుకుంది. వెళ్లిపోయారు. కాగితం బల్ల మీదే ఉండిపోయింది. మామ దాన్ని వేళ్లతో తడిమి నా వైపు జరిపారు. "దాచమ్మీ." ఇంకో కాగితం రాసే పని పడకముందే ఆయన చూపు పోయింది.

ఇప్పటికీ ఎవరైనా రాయి చూపిస్తే నా నోట ముందు వచ్చే మాట "తెలియదు, చూడాలి" అన్నదే.

అడిగిన పుస్తకమల్లా తెప్పించి పెట్టిన లైబ్రరీలో పనిచేసిన తాండికీ, ఇన్ని ఇళ్లు మారినా ఆ కాగితం నలగకుండా కాపాడిన శేఖర్‌కీ, గోవిందు మామకీ నా కృతజ్ఞతలు. ఆ రోజు ఉంగరం విసిరికొట్టని ప్రియకు కూడా. అచ్చమ్మ అవ్వకు కృతజ్ఞత చెబితే సరిపోదు, చూడకముందే తొందరపడి ఆశపెట్టింది నేను. ఆమె కాగితం ఇంకా నా దగ్గరే ఉంది.