తలుపు మూసిందేనా అని అడిగిన సార్

సోమవారం పొద్దున నాచారంలో బస్సు దిగి కంపెనీ వైపు నడుస్తుంటే ఫోన్ వచ్చింది. మా స్టోర్స్ చూసే అన్న. "చెల్లె, సార్ పోయిన్రంట. పొద్దుగాల చాయ్ తాగుతా కూసున్నోళ్లు కూసున్నట్లే ఒరిగిన్రంట. దవాఖానకు తీస్కపోయేలోపే అయిపోయింది" అన్నాడు. సరే అని ఫోన్ పెట్టేశాను. ఒక ఫ్యాక్టరీ గోడ పక్కన కాసేపు నిలబడ్డాను. నిజం చెప్పాలంటే ముందుగా నా మనసుకు తగిలింది ఒక తేలిక. ఇక ఆయనకు ఆ మాట చెప్పనక్కర్లేదు కదా అని. అది తేలిక అని నాకు తెలిసొచ్చాక ఏడుపు వచ్చింది.

సార్ రెండేళ్ల కిందటి దాకా మా డిజైన్ హెడ్. ప్రభుత్వ రంగ ఎలక్ట్రానిక్స్ సంస్థలో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యారు. పీర్జాదిగూడలో ఇల్లు కట్టుకున్నాక ఊరికే కూర్చోలేక మా చిన్న కంపెనీకి వచ్చారు. మేం తయారుచేసే కంప్యూటర్లు ఎవరి బల్ల మీదా కనపడవు. మందుల ఫ్యాక్టరీల్లో మాత్రలు ప్యాక్ చేసే యంత్రాల పక్కన, ఇనుప పెట్టెల్లో ఉంటాయి. ఆ వేడిలో ఏళ్ల తరబడి ఆగకుండా పనిచేయాలి. అప్పట్లో నేను డిప్లొమా చదివి, అన్నోజిగూడ నుంచి రెండు బస్సులు మారి వచ్చే కొత్త టెస్టింగ్ ఇంజినీర్‌ని. కంప్యూటర్ అంటే ఎంత వేగంగా ఉంటే అంత గొప్ప అనుకునేదాన్ని.

ప్రాసెసర్ కంపెనీలు పంపే పుస్తకాలను సార్ చివరి పేజీ నుంచి చదివేవారు. మొదట్లో నాకు నవ్వొచ్చేది. "ముందు పేజీలల్ల అది ఎంత ఉరుకుతదో రాస్తరమ్మా. ఎంత వేడి ఓర్చుకుంటది, ఎన్నేండ్లు మార్కెట్ల దొరుకుతది, గది ఆఖరి పేజీల చిన్న అక్షరాలల్ల ఉంటది. మనకు గదే కావాలె" అనేవారు. ఇంకో మాట కూడా అనేవారు. "పందెం గుర్రం మంచిదే. గానుగకు కడితే మాత్రం గుర్రమూ పోతది, గానుగా పోతది."

మధ్యాహ్నం అందరం కలిసి తినేవాళ్లం. ఆయన డబ్బాలో ఎప్పుడూ రెండు జొన్న రొట్టెలు. ఒకటి విరిచి పక్కన ఎవరుంటే వాళ్లకు పెట్టేవారు, అడిగేవారు కాదు. ఆదివారం చర్చిలో పాస్టరు గారు ఎంతసేపు మాట్లాడారో సోమవారం మాకు చెప్పి నవ్వేవారు. ఏ కాగితం మీద సంతకం పెట్టాలన్నా ప్రతి వరుస కింద వేలు పెట్టి చదివేవారు. ఆ వేలు ఆగిందంటే అక్కడ తప్పుందన్నమాట. కోప్పడేవారు కాదు. వేలు తీయకుండా మన ముఖంలోకి చూసేవారు, అంతే.

నేను చేరిన నాలుగో ఏడు ఒక మందుల కంపెనీ నుంచి పెద్ద ఆర్డరు వచ్చింది. మా ముందు రెండు ప్రాసెసర్లు ఉన్నాయి. ఒకటి ఇలాంటి పనికోసమే చేసింది. నిదానం, కానీ తక్కువ కరెంటు తాగుతుంది, ఫ్యాన్ అక్కర్లేదు, పదేళ్ల దాకా అదే రకం సరఫరా చేస్తామని తయారీదారు రాసిచ్చాడు. రెండోది మామూలు ఆఫీసు కంప్యూటర్లలో వాడేది. మూడింతలు వేగం. స్క్రీన్ మీద బొమ్మలు నీళ్లలా కదులుతాయి. నాకు రెండోదే నచ్చింది. మీటింగులో గట్టిగా వాదించాను. సార్ వింటూ కూర్చుని, "సరే, నువ్వే తేల్చు. ఇనుప పెట్టెల పెట్టి, తలుపు మూసి, ఏడు రోజులు నడిపియ్యి. తట్టుకుంటే నీదే" అన్నారు. ఇంత పెద్ద నిర్ణయం నా చేతికి రావడం అదే మొదలు.

మొదటి రోజు మధ్యాహ్నానికే పెట్టె లోపల వేడి పెరిగి నేను మెచ్చిన ప్రాసెసర్ నెమ్మదించింది. వేడి కొలిచే తీగలు సరిగ్గా కుదరలేదేమో అని నాకు నేను చెప్పుకుని తలుపు తెరిచాను. మళ్లీ మూస్తాలే అనుకున్నాను. ఏడు రోజులూ మూయలేదు. రిపోర్టులో మాత్రం "తలుపు మూసి" అని రాశాను. ఆ రెండు మాటలూ మిగతా వరుసలంత తేలిగ్గానే రాసేశాను. ఇప్పుడు తలుచుకుంటే అదే ఎక్కువ భయంగా ఉంటుంది.

రిపోర్టు మీద సార్ వేలు వేడి గ్రాఫు దగ్గర ఆగింది.

"తలుపు మూసిందేనా అమ్మా?"

"మూసిందే సార్."

ఆయన నా ముఖంలోకి చూశారు. నేను గ్రాఫు వైపు చూశాను. సంతకం పెట్టి ఇచ్చారు.

మే నెల వచ్చింది. ఆ మందుల ఫ్యాక్టరీకి మేం పంపిన కంప్యూటర్లు ఒకదాని తర్వాత ఒకటి నిలిచిపోయాయి. ప్యాకింగ్ లైన్ ఆగింది, ఒక రోజు మాత్రలు మొత్తం పారబోశారు. మా ఓనర్ అందరినీ పిలిచి రిపోర్టు బల్ల మీద పెట్టి, "దీని మీద సంతకం ఎవరిది?" అన్నాడు.

"నాది" అన్నారు సార్.

"మీ అంత అనుభవం ఉన్నోళ్లు గిట్ల ఎట్ల జేసిన్రు సార్?"

"పొరపాటైంది. అన్నీ మార్పించి ఇస్త."

నేను ఆయనకు రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. నోరు తెరవడానికి కావలసినంత సమయం ఉంది. తెరవలేదు. రెండు నెలలు ఆయనే దగ్గరుండి నిదానం ప్రాసెసర్లతో కంప్యూటర్లన్నీ మార్పించారు. అవి ఈరోజుకీ నడుస్తున్నాయి. ఆ తర్వాత కంపెనీ ఆయనను ఉండమని అనలేదు, ఆయన కూడా అడగలేదు. ఆయన కుర్చీ నాకిచ్చారు.

నాచారం నుంచి పీర్జాదిగూడ ఎంత దూరం? ఆయన వెళ్లిపోయాక ఈ రెండేళ్లలో ఒక్కసారి వాళ్ల వీధి మలుపు దాకా వెళ్లాను. చేతిలో పండ్ల కవరు కూడా ఉంది. మలుపు దగ్గర్నుంచే వెనక్కి వచ్చి, ఆ పండ్లు బస్సులో పక్కన కూర్చున్నామెకు ఇచ్చేశాను. క్రిస్మస్‌కు ఆయనే ఫోన్ చేసేవారు. "ఎట్లున్నవమ్మా? కొత్తగ ఏం వాడుతున్నరు?" అని అడిగేవారు. నేను ప్రాసెసర్ల గురించి గడగడా చెప్పేదాన్ని. ఆయన అంతా విని, "ఇంకేంది ముచ్చట?" అనేవారు. ఏం లేదు సార్ అనేదాన్ని. రెండు క్రిస్మస్‌లూ అంతే.

సోమవారం ఆ గోడ పక్క నుంచి నేరుగా ఓనర్ గదికి వెళ్లి జరిగిందంతా చెప్పాను. ఆయన అంతా విన్నాడు. చివరికి, "గీ మాట వినాల్సిన మనిషి పోయినంక చెప్తున్నవేందమ్మా" అన్నాడు. ఆ మధ్యాహ్నం ఇంజినీర్లందరి ముందూ మళ్లీ చెప్పాను. నన్ను ఆ కుర్చీలో ఉంచాలో వద్దో ఆయన ఇంకా తేల్చలేదు. ఏం తేల్చినా సరే.

సమాధుల తోటలో వెనక నిలబడ్డాను. మూడో రోజు ఇంటి దగ్గర, ఇంట్లోవాళ్లను ఓదార్చడానికి, ఆదరణ కూడిక పెట్టారు. ప్రార్థన అయ్యి జనం వెళ్లాక సార్ భార్య దగ్గర కూర్చున్నాను. ఆమెకు కూడా చెప్పాను. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఆయనకు ఎరికే బిడ్డా. గ్రాఫు సూసిన నాడే ఎరికైందంట."

"మరి సంతకం ఎందుకు పెట్టిన్రమ్మా?"

"నేనూ గదే అడిగిన. 'పిల్ల మూసిందే అన్నది, లేసి పోయి పెట్టె సూస్తే నమ్మనట్లయితది అనుకున్న. పోయి సూడాల్సిందే, తప్పు నాదే' అన్నడు. గా బాధ ఆయనకు శానా రోజులుండె."

నా అబద్ధం బరువు కూడా ఆయనే మోశారని నాకు అప్పటిదాకా తెలియదు.

"నామీద కోపం లేకుండెనా అమ్మా?"

 "కోపమేం లేకుండె. చెప్తదిలే, దానికి టైం పడ్తది అనేటోడు" అంది. కొంచెం ఆగి, "ఎదురుచూసిండు" అంది.

చాయ్ ఇచ్చింది. తాగాను. బయటికి వచ్చేసరికి ఎండ దిగిపోతోంది. షామియానా విప్పేశారు. టెంట్ హౌస్ వాళ్లు ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ట్రాలీ ఆటోలోకి ఎక్కిస్తున్నారు. ఒక్క కుర్చీలో మాత్రం సార్ వయసు పెద్దాయన ఒకరు, పాత ఆఫీసు స్నేహితుడేమో, ఇంటి వైపు చూస్తూ కూర్చుని ఉన్నారు. ట్రాలీ నిండింది, తాళ్లు కట్టడం కూడా అయిపోయింది. ఆయనను లేవమని ఎవరూ అనలేదు. ఆటో ఇంజను ఆపేసి, వాళ్లు గోడకు ఆనుకుని నిలబడ్డారు.