మధ్యలో చెప్పిన ఆమేన్

మొన్న వేసవి సెలవుల్లో మా చర్చిలో పిల్లలకు వారం రోజుల బడి పెట్టి, ఆత్మీయ యుద్ధానికి విశ్వాసి ఎలా సిద్ధపడాలన్నదే ఈ ఏడాది పాఠమని చెప్పగానే, మా కోడలు ఫోన్లో ఏవో నాలుగు నొక్కులు నొక్కింది, మూడో రోజుకల్లా బళ్ళారిలోని మా ఇంటికి ఒక అట్టపెట్టె వచ్చింది. అందులో బైబిలు చెప్పే సర్వాంగ కవచం ఉంది. బంగారు రంగు ప్లాస్టిక్ శిరస్త్రాణం, ఛాతీకి తొడిగే మైమరువు, నడికట్టు, డాలు, మీట నొక్కితే ఎర్రగా వెలిగే ఖడ్గం. రెండో తరగతి చదివే మా మనవరాలు ఎవరి సాయమూ లేకుండా, చరచర అంటుకునే పట్టీలు అంటించుకుని, రెండు నిమిషాల్లో సైనికురాలై నా ముందు నిలబడి, జోడు ఏది అవ్వా అని అడిగింది. పెట్టె బోర్లించి చూశాను, లేదు. స్కూలు బూట్లు ఉన్నాయి కదా, అవి వేసుకుంటే సరిపోతుందిలే అత్తా అంది కోడలు. సరిపోతుంది, నిజమే. కానీ ఆ జోడు మాట వినగానే నాకు నవ్వాగలేదు, నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంటుంటే నాకేమైందోనని పిల్ల మంచినీళ్ళు తెచ్చిచ్చింది. నా ఈడు వాళ్ళకైతే చెబితే అర్థమవుతుంది కనుక ఆ సంగతి మీకే చెబుతున్నాను.

మాది సిరుగుప్ప తాలూకాలోని దేశనూరు. అమ్మా నాన్నా పొద్దున్నే వరి మళ్ళకు పనికి పోతే నన్ను పెంచినదంతా మా నాన్నను కన్న అవ్వే. మిషను వాళ్ళ కాలంలో కట్టిన పెంకుల గుడి మాకుండేది, అందులో మగవాళ్ళు కుడిపక్క, ఆడవాళ్ళు ఎడమపక్క చాపల మీద కూర్చునేవాళ్ళు. ఆడవాళ్ళ శుక్రవారపు ఉపవాస కూడికకు మా అవ్వే పెద్ద. సాతానుతో పోరాటమంటే అవ్వకు పండగ, కొంగు నడుముకు బిగించి, మోకాళ్ళ మీద కూర్చుని మొదలుపెట్టిందంటే ప్రార్థన మా వీధిలో బయల్దేరి, కాలువ గట్టు దాటి, జబ్బుపడ్డ ఎద్దులనూ పరీక్ష తప్పిన పిల్లలనూ పలకరించి, ఢిల్లీలో పాలించేవాళ్ళ దాకా పోయి, మళ్ళీ కాలినడకన దేశనూరు చేరేది. అంతసేపు కళ్ళు మూసుకుని కూర్చోలేక నేను ఒక కన్ను కొంచెం తెరిచి ఎవరెవరు కునుకుతున్నారో చూసేదాన్ని.

అలాంటి ఒక శుక్రవారం, నాకు నాలుగేళ్ళుంటాయేమో, అవ్వ ప్రార్థన ఇంకా కాలువ కూడా దాటకముందే, వెనక నుంచి గట్టిగా ఆమేన్ అని వినబడింది. అన్నది అవ్వకు స్వయానా చెల్లెలు, మా చిన్నవ్వ. ఇంట్లో పొయ్యి మీద పప్పు పెట్టి వచ్చిందట, మాడుతుందని భయపడిందట. అవ్వ చెల్లెలే అంది కదా అని తక్కినవాళ్ళూ ఆమేన్ అని లేచి చాపలు చుట్టేశారు. మా అవ్వ మాత్రం చేతులు అలాగే జోడించుకుని, తెరిచిన నోరు తెరిచినట్టే కూర్చుండిపోయింది. దేవుడితో మాట్లాడుతుంటే మధ్యలో తలుపు వేసినట్టయిందని ఆమె బాధ. పొద్దున్నుంచీ పస్తున్నవాళ్ళ కడుపులు చూడొద్దా అని చిన్నవ్వ వాదన. ఆ రోజు నుంచి అక్కాచెల్లెళ్ళకు మాటల్లేవు. ఒకరి ఇంటికి ఇంకొకరి ఇల్లు నాలుగు గడపల దూరం, ఒకే బోరింగు నీళ్ళు, అయినా ఆరేళ్ళు మాట్లాడుకోలేదు. పైగా చెల్లెల్లో దూరిన సాతాను వదలాలని ఈమె, అక్కను పట్టిన సాతాను వదలాలని ఆమె, ఎవరి ఇంట్లో వాళ్ళు ప్రార్థించుకునేవాళ్ళని మా అమ్మ చెప్పి నవ్వేది.

నవ్వలేని సంగతి కూడా ఒకటి ఉండేది. మా గుడిలో మూడు నెలలకొకసారి, బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ప్రభు సంస్కారం, దానికి ముందు శనివారం సాయంత్రం సిద్ధపాటు కూడిక జరిగేవి. ఎవరితోనైనా పగ ఉంటే ఆ సాయంత్రమే సమాధానపడి చేయి కలపాలి, లేకపోతే మర్నాడు బల్ల దగ్గరికి రాకూడదని మా అయ్యగారు, అదే మా పాస్టరుగారు, ప్రతిసారీ చెప్పేవారు. మా అవ్వ మొండిదే కానీ దొంగభక్తి చేసే మనిషి కాదు. చేయి కలపలేదు గనుక బల్లకూ పోలేదు. గుడంతా లేచి ముందుకు పోతే ఖాళీ చాపల మీద ఆ చివర చిన్నవ్వ, ఈ చివర అవ్వ మిగిలేవాళ్ళు. ఆ ఆదివారాలు అవ్వ ఇంటికొచ్చి అన్నం ముట్టేది కాదు. నాకు పదేళ్ళు వచ్చిన ఏడాది అవ్వకు ఆయాసం పట్టుకుంది, నాలుగడుగులు వేస్తే గోడ పట్టుకునేది. బల్ల ముట్టకుండానే అవ్వ చచ్చిపోతుందేమోనని నాకు లోలోపల ఒకటే భయం, ఆ భయాన్ని ఎవరికి చెప్పాలో తెలిసేది కాదు.

ఆ ఏడే కోత పండగకు సర్వాంగ కవచం ధరించే సైనికుడి వంతు నాకొచ్చింది. కోత పండగ ముందురోజు సిద్ధపాటు కూడికలో సండే స్కూలు పిల్లల్లో ఒకరు ఆ వేషం కట్టి, ఒక్కో ఆయుధం చూపించి దాని వాక్యం అప్పజెప్పాలి. దానికి మా అయ్యగారు పెట్టిన పద్ధతి ఒకటుంది. సైనికుడి ఒంటి మీద సొంత ఇంటి వస్తువు ఒక్కటీ ఉండకూడదు. ఆరు ఆయుధాలకు ఆరు చీట్లు తీసి, ఏ ఇంటి పేరు వస్తే ఆ ఇంటివాళ్ళు ఆ వస్తువు ఇవ్వాలి, పిల్ల స్వయంగా వెళ్ళి అడిగి తెచ్చుకోవాలి. ఒంటరిగా ఎవడూ యుద్ధానికి పోడని, సంఘమంతా కలిసి తొడిగి పంపాలని ఆయన భావం.

అవ్వ నన్ను నిజంగా యుద్ధానికే తయారు చేసింది. నెల రోజులు తెల్లవారుజామునే లేపి, ముఖం కడిగించి, ఆయాసపడుతూనే వాక్యాలు వల్లెవేయించింది. శుక్రవారాలు మధ్యాహ్నం దాకా ఉపవాసం. లంగా మడతలో శెనక్కాయలు దాచుకుని ఒలుచుకు తింటూ ఒకసారి దొరికిపోయాను, ఏం నములుతున్నావంటే ఏమీ లేదన్నాను. అవ్వ కొట్టలేదు. అన్నింటికన్నా ముందు కట్టుకునేది సత్యమనే నడికట్టు, అది కట్టుకున్నాక నోట అబద్ధం వస్తే తక్కిన ఆయుధాలన్నీ జారిపోతాయి అని మాత్రం చెప్పింది. పదేళ్ళ పిల్లను, నిజంగానే జారి కింద పడతాయనుకున్నాను.

నడికట్టు బస్సు కండక్టరు మామ ఇంటి నుంచి వచ్చింది, తోలు బెల్టు, నా నడుముకు రెండు చుట్లు తిరిగింది. శిరస్త్రాణం చోరనూరు వైపు ఇనుప గనుల్లో పనిచేసే పక్కవీధి చిన్నాయన గట్టి టోపీ, దాని ఎర్రమట్టి ఎంత కడిగినా పోక నా జుట్టు వారం రోజులు ఎర్రగానే ఉండింది. డాలు, టీ పొట్లాల వెండికాగితం అంటించిన చేట. ఖడ్గం బడి పంతులుగారి చెక్క స్కేలు, దానితో నాకు అంతకుముందే పరిచయం ఉంది. మైమరువేమో నూనె డబ్బా చీల్చి, సిరుగుప్ప సంతలో డబ్బాలు అతికే సాయిబు చేత సాపు చేయించినది, మెడ నుంచి మోకాళ్ళ దాకా ఉండేది. అది తొడిగితే కూర్చోవడం లేదు, వంగడం లేదు, రోకలిలా నిలబడాల్సిందే.

జోడు చీటీలో వచ్చింది చిన్నవ్వ ఇల్లు. చిన్నతాత చక్కెర ఫ్యాక్టరీలో కాపలా పని చేసేవాడు, ఊళ్ళో తాళ్ళు కట్టే నల్ల బూట్లున్నది ఆయనకే. అయ్యగారు కావాలని ఆ చీటీ తీశారని ఊరంతా అనుకున్నారు, ఆయన మాత్రం చచ్చేదాకా ఒప్పుకోలేదు. ఆ గడప తొక్కితే కాళ్ళు విరగ్గొడతానంది మా అవ్వ. జోడు లేకుండా ఎలా అంటే, చూపు పక్కకు తిప్పుకుని, "అడిగితే సైజు సరిపోల్యా అని చెప్పు, అంతే సాలు" అంది. అంత భక్తి గల మనిషి అలా అనేసరికి నాకు ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రం గుడి నిండిపోయింది. వరి పనలు, గుమ్మడికాయలు, కోళ్ళు, ఎవరి కానుకలు వాళ్ళు ముందు పెట్టారు. నేను డబ్బా రేకు చప్పుడు చేసుకుంటూ వెళ్ళి నిలబడి, నడికట్టు వాక్యం చెప్పాను, మైమరువు వాక్యం చెప్పాను. మూడోది జోడు. అందరి కళ్ళూ నా ఉత్తకాళ్ళ మీద పడ్డాయి. జోడు ఏదమ్మా అని అయ్యగారు మెల్లగా అడిగారు. అవ్వ నా వైపే చూస్తోంది. సైజు అనబోతే నడుముకున్న బెల్టు గుర్తొచ్చింది.

"జోడు చిన్నవ్వ ఇంట్లో ఉండాదయ్యా. మా అవ్వ అడిగేకి పోనియ్యల్యా. సైజు సరిపోల్యా అని చెప్పమనింది. నడికట్టు కట్టుకోనుండా, అబద్ధం చెప్పేకి కాదు" అని ఒక్క గుక్కలో చెప్పేసి గట్టిగా ఏడ్చేశాను.

ఎవరో కిసుక్కున నవ్వారు. మా అవ్వ తల దించుకుంది. ఇంటికి పోతే నా పని అయిపోయిందనుకున్నాను. అప్పుడు చాపల ఆ చివర నుంచి చిన్నవ్వ లేచి, ఒక గోనెసంచి పట్టుకుని వచ్చింది. "తెచ్చినా పాపా, మధ్యాహ్నం నుంచి ఈడే పెట్టుకోని కూర్చోనుండా" అంటూ బూట్లు తీసి నా ముందు పెట్టింది. మసి వేసి తుడిచి, నా కాళ్ళకు సరిపోయేలా లోపల పాతగుడ్డలు కుక్కి తెచ్చింది. అవ్వ మనిషిని పంపుతుందేమోనని నెలంతా చూసిందట. కాళ్ళు దూర్చాను కానీ తాళ్ళు కట్టుకోవడానికి వంగలేను, డబ్బా రేకు. చిన్నవ్వ నా ఎడమ కాలి దగ్గర నేల మీద కూర్చుంది. అంతలో ఆయాసపు ఊపిరి దగ్గరగా వినబడింది, చూస్తే మా అవ్వ గోడ పట్టుకుంటూ వచ్చి నా కుడికాలి దగ్గర కూర్చుంటోంది. ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా, చెరొక కాలు పట్టుకుని తాళ్ళు కడుతున్నారు. నాకు పైనుంచి రెండు నెరిసిన తలలే కనబడ్డాయి.

"గట్టిగా కట్టే, నీ ముడి ఎప్పుడూ ఊడిపోతాది" అంది అవ్వ. ఆరేళ్ళకు చెల్లెలితో పలికిన మొదటి మాట అది.

"నీ మాదిరి బిగిస్తే పిల్ల నడిచేది ఎట్లక్కా?" అంది చిన్నవ్వ, ఇద్దరూ అక్కడే, నా కాళ్ళు పట్టుకునే, బోరుమన్నారు. తక్కిన వాక్యాలు నేను చెప్పానో లేదో నాకిప్పటికీ గుర్తులేదు.

మర్నాడు ఇద్దరూ పక్కపక్కనే బల్ల దగ్గర మోకరించారు. ఆరాధన చివర కృతజ్ఞతా ప్రార్థన అవ్వను చేయమన్నారు అయ్యగారు. అవ్వ చెల్లెలి వైపు చూసి, చేస్తాను కానీ ఆమేన్ మాత్రం ఆమే చెప్పాలి, ఎప్పుడనిపిస్తే అప్పుడు చెప్పవచ్చు అంది. ఇక మొదలైంది. వీధి, కాలువ, ఎద్దులు, ఢిల్లీ, ఆయాసపడుతూ, ఆగుతూ. బయట పండగ భోజనం చల్లారుతోంది. చిన్నవ్వ నోరు మెదపదు. ఆరేళ్ళనాటి బాకీ ప్రార్థన కూడా కలిపి చేసుకోనీ అన్నట్టు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ కూర్చుంది. అవ్వ తనకు గుర్తున్న మనుషులనూ గొడ్లనూ అందరినీ దేవుడికి అప్పజెప్పి, ఇంకేమీ మిగలక ఒక కన్ను తెరిచి చూసింది. "చెప్పే తల్లీ, నాకాడ ఇంకేం ల్యా" అంది. అప్పుడు చెప్పింది చిన్నవ్వ ఆమేన్, గుడంతా నవ్వుతూ అంది. ఆ తర్వాత అవ్వ మూడేళ్ళు బతికింది, ఒక్క బల్లా తప్పలేదు.

ఇప్పుడు నాకు అవ్వ వయసు వచ్చింది. ఆసుపత్రిలో నర్సుగా ముప్ఫై ఏళ్ళు పరుగులు తీసి రిటైరయ్యాక నేనూ ప్రార్థనలు పొడుగ్గానే చేస్తున్నాను, అది రక్తంలో వచ్చిందని మావాళ్ళ ఎగతాళి. శుక్రవారం కూడిక కూడా ఫోన్లోనే, ఆత్మీయ యుద్ధమని దానికి పేరు, తెర మీద గళ్ళు గళ్ళుగా అందరి ముఖాలూ కనబడతాయి. అంతా మర్యాదస్తులు, ఎవరి గొంతూ వినబడకుండా ఫోన్లో మీట నొక్కి పెట్టుకుంటారు, పని ఉన్నవాళ్ళు చప్పుడు చేయకుండా వెళ్ళిపోతారు. ఎవరినీ ఎవరూ నొప్పించరు. పోయిన శుక్రవారం నేను కాలువ దాటి, ఢిల్లీ దాకా పోయి, తిరిగొచ్చి కళ్ళు తెరిచేసరికి తెర మీద నా ముఖం ఒక్కటే ఉంది. నాకు కోపం రాలేదు కానీ చిన్నవ్వ మీద చెప్పలేనంత ప్రేమ వచ్చింది. పప్పు మాడుతోందక్కా అని మధ్యలో నా నోరు మూయించి, ఆరేళ్ళు నాతో అలిగి, బూట్లకు మసి వేసుకుని ఎదురుచూసే మనిషి ఒకరుంటే ఎంత బాగుండేది అనిపించింది. కాసేపు చూసి, నా ఆమేన్ నేనే చెప్పుకుని ఫోన్ ఆపేశాను.