బ్యాటరీ మీద గీత

మా డ్రైవర్ మీద నాకు అనుమానం పుట్టించింది బానెట్. పొద్దున్నే ఆరున్నరకి డబ్బింగ్‌కి బయల్దేరుతూ చేతిసంచీ దాని మీద పెట్టబోతే వెచ్చగా తగిలింది. రాత్రంతా వీధిలో ఊరికే నిలబడి ఉన్న కారు వెచ్చగా ఎందుకుంటుంది? అదే అడిగాను.

"ఎండకమ్మా" అన్నాడు.

అప్పటికి సూర్యుడు ఎదురింటి డాబా కూడా దాటలేదు.

నేను డబ్బింగ్ ఆర్టిస్టుని. సినిమా పరిశ్రమ మద్రాసు వదిలి హైదరాబాదు వస్తుంటే దానితో పాటే వచ్చి, ఫిల్మ్ నగర్‌లో ఓ ఏటవాలు వీధిలో అద్దెకి దిగాను. కథానాయికల ఏడుపులూ అబద్ధాలూ అన్నీ నా గొంతులోంచే వెళ్ళేవి కాబట్టి, ఎవరు అబద్ధమాడినా ఇట్టే పట్టేస్తానని నాకు పెద్ద గర్వం. అతను చెప్పింది అబద్ధమే. అంతవరకూ నా చెవి మోసం చెయ్యలేదు.

కారుకి రోగం అంతకు రెండు వారాల ముందు మొదలైంది. పాత కారు, అయినా పరుగెడుతున్నంతసేపూ బాగానే ఉండేది. సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, ఇంజిన్ వణికేది, లైట్లు గుడ్డివయ్యేవి, హారన్ మూలిగేది, చివరికి మొత్తం ఆగిపోయేది. ఓ రోజు జూబ్లీ హిల్స్ చెక్‌పోస్టు దగ్గర నడిరోడ్డు మీద అలాగే ఆగింది. నేను థియేటర్‌కి చేరేసరికి నా సీను ఇంకొకామె చెప్పేసి వెళ్ళిపోయింది. ఆ కోపమంతా అతని మీద చూపించాను.

"ఇంకొక్కసారి ఆగిందంటే బండి అమ్మేస్తాను. నువ్వూ వేరే ఇల్లు చూసుకో."

ఆరేళ్ళుగా నా దగ్గర పనిచేస్తున్న మనిషి. మెదక్ వైపు వాడు. తలొంచుకుని విని, గుడ్డ తీసుకుని కారు అద్దం తుడవసాగాడు. తర్వాత తలుచుకుంటే అది కూడా నాకు అనుమానంగానే తోచింది.

ఇక మొదలైంది నా అపరాధ పరిశోధన. రోజూ గేటు ముందు ఆపే కారుని ఈమధ్య వీధి పైకొసన, మూతి కిందికి పెట్టి ఆపుతున్నాడు. ఎందుకు? మీటరు చూస్తే రాత్రికీ పొద్దుటికీ రెండు మూడు కిలోమీటర్లు పెరుగుతోంది. ఎందుకు? తెల్లారేలోగా ఎవరినో ఎక్కించుకుని తిప్పుతున్నాడన్నమాట! బ్యాటరీ రోజురోజుకీ నీరసిస్తోందంటే, మంచిది అమ్ముకుని పాతది పెట్టి ఉంటాడు. ఇంకా పెట్టకపోతే రేపు పెడతాడు. ఓ మధ్యాహ్నం అతను భోజనానికి వెళ్ళగానే బానెట్ ఎత్తి, బ్యాటరీ మీద మేకుతో అడ్డంగా ఓ గీత గీశాను. మారిస్తే దొరికిపోతాడు.

ఈ కొండ మీద డ్రైవర్లందరూ ఒకే టీ బండి దగ్గర చేరతారు, వాళ్ళ యజమానులు అవే స్టూడియోల్లో కలుస్తారు. దొంగ అని ఒక ఇంట్లో పంపేస్తే ఇంకే ఇంట్లోనూ తాళం చేతికివ్వరు. అది నాకు తెలుసు. తెలిసే గీశాను.

కృష్ణానగర్‌లో పాత కార్లు బాగుచేసే మెకానిక్ ఒకాయన ఉండేవాడు. అందరూ ఉస్తాద్ అనేవాళ్ళు. డ్రైవర్నే నడపమని అక్కడికి తీసుకెళ్ళాను. అతని ఎదుటే దొంగతనం బయటపడాలని నా కోరిక. బానెట్ ఎత్తగానే తొంగిచూశాను. నా గీత ఉన్నచోటే ఉంది. నిజం చెప్పాలంటే కాస్త నిరాశపడ్డాను.

ఉస్తాద్ బ్యాటరీ వైరు ఒకటి ఊడదీసి మధ్యలో చిన్న బల్బు తగిలించాడు. లైట్లన్నీ ఆపే ఉన్నాయి, తాళం డ్రైవర్ జేబులో ఉంది. అయినా బల్బు వెలిగింది.

"అన్ని బంద్ జేసినంక గూడ ఎవలో కరెంటు గుంజుతున్నరమ్మా" అన్నాడు ఉస్తాద్.

నేను డ్రైవర్ ముఖంలోకి చూశాను.

ఉస్తాద్ ఒక్కో ఫ్యూజు పీకాడు. బల్బు వెలుగుతూనే ఉంది. చివరికి బ్యాటరీకి నేరుగా కలిపిన ఎర్ర వైరు ఒకటి లాగాడు. బల్బు ఆరిపోయింది. ఆ వైరు పట్టుకుని వెళ్ళి వెళ్ళి, వెనక సీటు కింద ఉన్న యాంప్లిఫైయర్ దగ్గర ఆగాడు.

"గీ పాటల డబ్బ ఎవలు పెట్టిచ్చిండ్రు?"

నేనే. బతుకమ్మ పండక్కి డ్రైవర్ ఊరెళ్ళినప్పుడు పెట్టించాను. ఇంట్లో ఏడుపు సాధన చేస్తుంటే పక్కింటివాళ్ళు కంగారుపడి తలుపు కొట్టేవారు. అందుకని కార్లో అద్దాలెత్తుకుని కూర్చుని, నా ఏడుపు క్యాసెట్లు నేనే వినేదాన్ని. తాళం పెట్టే పని లేకుండా పాడాలని పట్టుబట్టి మరీ కలిపించాను. పాట ఆపినా ఆ డబ్బా ఆగదట. రాత్రంతా బ్యాటరీని పీల్చేస్తుందట. సిగ్నల్ దగ్గర ఇంజిన్ నెమ్మదించినప్పుడు సరిపడా కరెంటు పుట్టక, అసలే పీనుగలా ఉన్న బ్యాటరీ చేతులెత్తేస్తుందట.

"మరి పొద్దుగాల బండెట్ల స్టార్టయితాంది?" డ్రైవర్ని అడిగాడు ఉస్తాద్.

"నూకుతున్న ఉస్తాద్. అమ్మ లేవకముందే, పక్కింటి వాచ్‌మన్ ఓ చెయ్యేస్తే కిందికి నూకి స్టార్ట్ జేస్త. జర దూరం తిప్పితే చార్జ్ ఎక్కుతది."

తల కొట్టేసినట్టయింది. అయినా నా గొంతు తగ్గలేదు. "ఆ మాట నాతో చెప్పొచ్చుగా?" అన్నాను.

"చెప్తే నమ్ముదురామ్మా? మీరు గా గీత గీసిన దినమే సూసిన."

ఉస్తాద్ గీత వంక చూసి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

డబ్బా వైరు తీసేయించి, బ్యాటరీకి చార్జ్ పెట్టించుకుని తిరిగి వస్తుంటే చెక్‌పోస్టు సిగ్నల్ దగ్గర చాలాసేపు ఆగాం. ఇంజిన్ కుదురుగా ఆడుతూనే ఉంది. ఇద్దరం అదే వింటూ కూర్చున్నాం. ఇంటికొచ్చాక ఎన్నో రోజుల తర్వాత కారు గేటు ముందే ఆపాడు.

"ఇగ ఆగదమ్మా. రేపటిసంది ఎవలనన్న పెట్టుకోండ్రి."

"తప్పు నాదే. వెళ్ళకు, ఉండిపో" అన్నాను.

"గీత సూసిన్నాడే పోదామనుకున్న" అన్నాడు తాళం నా చేతిలో పెడుతూ. "బండి ఖరాబుండంగ పోతే దొంగోడు పోయిండంటరు. బాగయ్యేదాంక ఆగిన, గంతే."